ఎలుగు వాటా

"అప్పా, పాడుబావిలో ఎలుగు పడిపోనాది. పిల్ల కూడా ఉన్నాది, దాని ఈపుమీదే కూకున్నాది. ఊరోల్లందరూ కర్రలట్టుకుని వొచ్చీసినారు. నువ్వు బేగొచ్చీ," అన్నాడు మా తమ్ముడు కామేసు ఫోనులో. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి నించున్నాను. బడిపంతులమ్మగా రిటైరై పలాసలో మోకాళ్ళ నొప్పులతో కాలక్షేపం చేసే ముసలిదాన్ని. ఎలుగు బావిలో పడితే నేనొచ్చి ఏం పీకుతానని వాడు పిలిచాడో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఎలుగు ఆ బావి దగ్గరికి ఎందుకొచ్చిందో మా ఇద్దరికీ తెలుసు. పొయ్యి కట్టేసి, కట్టుకున్న చీరతోనే కాశీబుగ్గ సెంటరుకి వచ్చి ఆటో ఎక్కాను. మందస దాటి కొండ కింద మా ఊరి పేరు చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగి, "ఎలుగు పడినాదంతన్నారు, అక్కడికే కదా మేడమ్? వీడియో నాకూ వొచ్చీసింది, సూత్తారేటి?" అని ఫోను నా ముందు పెట్టాడు. చూడనన్నాను. దారి పొడుగునా నేను చూసింది వేరు.

మా ఇంట్లో వేసవంటే జీడి వాసన. ఇప్పుడు పలాసలో జీడి బట్టీలనుంచి వచ్చే ఆ మాడు వాసన కాదు నేను చెప్పేది. పండు వాసన. పుల్లగా, తియ్యగా, కాస్త కల్లు వాసనలా ఉండి, మధ్యాహ్నమయ్యేసరికి ఇంటి గోడలకి కూడా పట్టేసేది. ఇంకా తెల్లవారకముందే మామ్మ లేపేది. మామ్మంటే మా అయ్యకి అమ్మ. సన్నగా, నల్లగా, నడుం ఎప్పుడూ వంచని మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. నోరు కాలదా అని ఎవరైనా అడిగితే, "కాలితే నీకు సెప్పి ఏడుత్తానా?" అనేది. చోడి అంబలి ఒక చెంబుడు తాగించి, మా వేళ్ళకి బూడిద, కొబ్బరినూనె కలిపి పట్టించేది. జీడిపిక్క రసం తగిలితే వేళ్ళు పొక్కి తొక్క లేచిపోతుంది. ఎంత పట్టించినా వేసవి అయ్యేసరికి మా వేళ్ళు నల్లబడే ఉండేవి. బళ్ళో పలక పట్టుకుంటే ఫలానా తోటోళ్ళ పిల్ల అని ఎవరైనా ఇట్టే చెప్పేవారు.

తోటలోకి అడుగుపెట్టే ముందు మామ్మ గట్టు మీద ఆగేది. గంపని కొడవలి పిడితో నాలుగుసార్లు కొట్టి, కొండ వైపు మొహం పెట్టి, "ఓ మావా! మేం వత్తన్నాం. నువ్వు పక్కకెల్లు!" అని అరిచేది. మావంటే ఎలుగుబంటి. తోటలో ఉన్నంతసేపూ దాని అసలు పేరు ఎత్తనిచ్చేది కాదు. ఆ కేక తరవాత మా అందరినీ కాసేపు నిలబెట్టేసేది. కొండ అంచున ఎండుటాకులు చప్పుడైతే విని, "ఎల్లినాడు, పదండి," అనేది. చప్పుడు కాకపోతే మరో చుట్ట ముట్టించే దాకా కదలనిచ్చేది కాదు. ఆలస్యమవుతోందని అయ్య విసుక్కుంటే, "రాత్రంతా ఆడి తోట, పగలు మన తోట. మనిసి కాకపోయినా మర్యాద మర్యాదే," అని కసిరేది.

రాలిన పళ్ళు ఏరి, పిక్క మెలితిప్పి తీసి సంచిలో వేసుకోవడం, పండు గంపలో పడేయడం. ఇదే రోజంతా పని. పిక్కకి ధర ఉంది, పండుకి లేదు. ఉప్పేసుకుని మేం నాలుగు తినేవాళ్ళం, గొంతు గీరుకుపోయేది. ఆవులకి కాస్త పెట్టేవారు. మిగిలినదంతా మా ఇంట్లో ఒకళ్ళ వాటా. సాయంత్రం ఎండ తగ్గగానే మామ్మా నేనూ ఆ గంపలు నెత్తిన పెట్టుకుని తోట చివరికి, కొండ మొదట్లో ఉన్న పలకరాయి దగ్గరికి వెళ్ళి బోర్లించి వచ్చేవాళ్ళం. "ఎలుగు వాటా" అని ఇంటికొచ్చాక మాత్రం మామ్మ పేరు పెట్టే అనేది. తోటలో కాదు కాబట్టి. పనసలు పండినప్పుడు కూడా ప్రతి చెట్టుకీ కింది కాయ ఒకటి కొయ్యకుండా ఉంచేది.

"మనం ఏరి సచ్చింది ఆడికేల ఎయ్యాల మామ్మా?" అని నేనొకసారి గంప దించేసి కూచున్నాను. మెడ నొప్పి, ఒళ్ళు మంట.

"ఏల ఎయ్యకూడదేటి? ఆడు మన పిక్క ముట్టుకుంతన్నాడేటే? పండు తిని పిక్క ఊసీసి ఎల్తన్నాడు. పిక్క మనది, పండాడిది. ఆడికున్న నాయం నీకు నేదు. లెగు!"

నిజంగానే పొద్దున్న వెళ్ళి చూస్తే పలకరాయి చుట్టూ మేం తీయడం మరిచిన పిక్కలు శుభ్రంగా పడి ఉండేవి. నేను ఏరుకునేదాన్ని.

దాన్ని ఎదురుగా చూసింది ఒక్కసారే. నాకు పదేళ్ళుంటాయేమో. మబ్బు పట్టి ఉన్న పొద్దు. మామ్మ కేకేసింది, చప్పుడు వినపడింది, వెళ్ళాడనుకుని దిగాం. పుట్ట పక్కనుంచి లేచింది. నల్లటి జుట్టు, మూతి మాత్రం మురికి తెలుపు, గుండె మీద తెల్లటి మచ్చ. వీపు మీద రెండు పిల్లలు జుట్టు పట్టుకుని అతుక్కుని ఉన్నాయి. మామ్మ నన్ను వెనక్కి లాక్కుని, కదలకుండా నించుని, నోట్లో చుట్ట తియ్యకుండానే పక్కింటి కోడలితో మాట్లాడినట్టు, "పిల్లలతల్లివి, బేగెల్లకుండా ఇక్కడేటి సేత్తన్నావమ్మా? ఎల్లు, మేం సూడనేదులే," అంది. అది మూతి పైకెత్తి గాలి పీల్చింది. ఆ పొగ వాసన దానికి చిన్నప్పటినుంచీ తెలిసే ఉంటుంది. పక్కకి తిరిగి కొండెక్కిపోయింది. నేను లంగా తడిపేసుకున్నాను. దానికి మామ్మ ఊరంతా చెప్పి నవ్వి నవ్వి చచ్చింది, పెళ్ళయ్యే దాకా నన్ను ఏడిపించింది.

మామ్మకి ఎలుగులన్నీ విడివిడిగా తెలుసు. చెవి తెగినాడు, కుంటిది, బొట్టు విరిగినది అని లెక్క చెప్పేది. గుండె మీది మచ్చని బొట్టనేది. తోట గట్లమ్మట నేరేడు, తునికి, రేల మొక్కలు లేస్తే పీకనిచ్చేది కాదు. "ఆడు తిని, ఏరిగి, ఏసిన మొక్క అది. నీ అబ్బ ఏసినాడేటి?" అనేది. చెదపుట్టల్ని అది తవ్వి పీల్చేస్తుంటే మా దూలాలు బతికాయనేది. ఇవన్నీ పెద్దయ్యాక నేను బళ్ళో పాఠాలుగా చెప్పాను. అడవిజంతువుల్ని ఎందుకు కాపాడాలి అని బోర్డు మీద రాసి, కింద కారణాలు రాయించాను. పిల్లలు బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పాఠం ఒంటపట్టలేదు. సిగ్గుపడకుండా చెప్పాలంటే, చదువుకున్నానన్న పొగరే నన్ను ముంచింది.

మామ్మ పోయింది. అయ్య కిడ్నీలతో మంచాన పడ్డాడు, మా ఉద్దానం ఊళ్ళలో ఇంటికొకరికి ఆ జబ్బే, ఆ మాట చెబితే ఎవరూ ఇంకేం అడగరు. తోట కామేసు చేతికొచ్చింది. పండు మోసుకెళ్ళి పొయ్యడం వాడు మానలేదు గానీ, గట్టు మీద ఆగి కేకెయ్యడం ఊళ్ళో ఒక్కొక్కరే మానేశారు. మోటారుబండి మీద సరాసరి లోపలికి పోవడం మొదలైంది. ఇంకా చీకటి విడవని అలాంటి ఒక పొద్దున మా పక్కతోట దాలయ్య బావ రాలిన పనసపండు కోసం వంగితే, దాని మీదే కూచుని తింటున్న ఎలుగు మొహం మీద కొట్టింది. ఒక కన్ను పోయింది, చెంప చీలిపోయింది. నెలల తరబడి ఆస్పత్రుల్లో తిరిగాడు. చూడ్డానికి నేనొచ్చాను. కట్టుకట్టిన ఆ మొహం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి కామేసు మీద విరుచుకుపడ్డాను.

"పళ్ళు పోసి పిలిచి మరీ కరిపించుకుంటున్నారు కదరా! ఆ వాటా లేదు, గీటా లేదు. రేపటినుంచి పళ్ళన్నీ పాడుబావిలో పొయ్యి. వాసన తగలకపోతే కొండ దిగదు."

"మామ్మ తిట్టీదేమో అప్పా," అన్నాడు వాడు మెల్లగా, ఆవిడ ఇంకా వసారాలో కూచుని ఉన్నట్టు.

నేను నవ్వాను. బాగా గుర్తుంది, నవ్వాను. పాడుబావంటే తోట నడిమధ్య ఉన్న నేలబావి. గట్టు లేదు, మెట్లు లేవు, బోరు వేశాక ఎండిపోయింది. కొండకి దూరం, ఇంటికి దగ్గర. అందులో పోస్తే పండు కుళ్ళి వాసన ఇంకా ఎక్కువ కొడుతుందని, రోజూ పలకరాయి దగ్గరే ఆగిపోయే మావ ఇక తోట మధ్యకే వస్తాడని పదేళ్ళ వయసులో గంప మోసినదానికి తట్టాలా వద్దా? తట్టలేదు. తాటిపట్టెలు అడ్డంగా వేయించి, పని అయిపోయిందనుకుని పలాస బస్సెక్కేశాను. నా మాట ఊళ్ళో నాలుగు తోటలవాళ్ళు మంచి ఉపాయమని మెచ్చుకుని వాళ్ళూ చేశారట. ఆ సంగతి కామేసు చెప్తే పొంగిపోయాను కూడా.

ఆ తరవాత తుఫాను వచ్చి కొబ్బరీ జీడీ పనసా అన్నిటినీ నేలకి పరిచేసి పోయింది. మిగిలిన కొండని ఒక పక్కనుంచి రాయి కోసం కోస్తున్నారు. అప్పుడప్పుడూ కామేసు ఫోనులో, "బొట్టు ఇరిగినది ఒక్కటే తిరుగుతన్నాది అప్పా, మరేటీ కనిపించడం నేదు," అనేవాడు. నేను వంకాయలు తరుక్కుంటూ, "ఊఁ, అలాగా," అనేదాన్ని. మామ్మ పెట్టిన ఆ పేరు తల్లినుంచి కూతురికి అలా వస్తూనే ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టిన జంతువు ఒక్క వేలికి వచ్చేసిందని వాడు చెప్తుంటే నేను చారులో చింతపండు పిసికాను. ఆటోలో కూచుని అదే తలుచుకుంటున్నాను. మొహం మీద ఎవరో కొట్టినట్టుంది.

తోటకి చేరేసరికి ఎండ ఎక్కింది. బావి కనపడలేదు, జనమే కనపడ్డారు. మందస నుంచీ కవిటి నుంచీ కూడా బళ్ళేసుకుని వచ్చారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, కొందరి చేతుల్లో కర్రలు. తోసుకుని వెళ్ళి తొంగి చూశాను. తాటిపట్టెలు ఎప్పుడో పుచ్చిపోయాయి, అంచు మట్టి విరిగి లోపల పడి ఉంది. అడుగున నల్లగా కుళ్ళిన పళ్ళ మీద అది కూచుని ఉంది. మూతి పైకెత్తి రొప్పుతోంది. గుండె మీద మచ్చ మధ్యలో విరిగి ఉంది. పిల్ల వీపు జుట్టులో తల దూర్చేసుకుంది. మా జీడిపళ్ళ వాసన, నేను పెరిగిన వాసన, బావిలోంచి గుప్పున కొట్టింది.

ఫారెస్టువాళ్ళు బయల్దేరారట, దూరం నుంచి రావాలి. ఈలోగా జనాన్ని తప్పించి, నీడ వేసి, ఎక్కి రావడానికి ఏదైనా ఏటవాలుగా దింపి అందరూ వెళ్ళిపోమన్నారని కామేసు చెప్పాడు. కొబ్బరిమాను ఒకటి అప్పటికే తాళ్ళు కట్టి తయారుగా ఉంది. ఆ తాడు పట్టుకుని నించున్నది ఎవరో కాదు, దాలయ్య బావ. ఒంటికన్నుతో, చీలిన చెంపతో.

"నీకేటి పోగాలం దాలయ్య మావా? నీ కన్ను తీసీసినదానికి తాడొట్టుకుంతన్నావు?" అని ఎవడో అరిచాడు.

"నా కన్ను తీసింది ఇది కాదురా, దీని అమ్మో అమ్మమ్మో. నాను ఆరోజు అరవకుండా ఎల్లి దాని కూటి మీద సెయ్యేసినాను. తప్పు నాది. తాడొట్టుకుంతావా, పక్కకెల్తావా?" అన్నాడు బావ.

మాను దింపారు. అది కాసేపు వాసన చూసి, గోళ్ళు దించి, పిల్లతో సహా ఎక్కడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చింది. నాలో ప్రాణం లేచొచ్చింది. అంతే, జనం ఒక్కసారిగా గోలెత్తారు. సగంమంది పరుగు, సగంమంది ఫోన్లు చాపి ముందుకి. ఎవడో భయపడి టపాకాయల దండ అంటించి విసిరాడు. ఎలుగు వెనక్కి పడింది. పడేటప్పుడు పిల్ల కిందకి రాకుండా బోర్లా తిరిగి పడింది. నేను చూశాను.

"ఒక్క గంట! ఒక్క గంట ఎల్లిపోండ్రా! సగంమందికి నేను అక్షరాలు దిద్దించాను, నా మాట వినండి. కొండమీద ఇదొక్కటే మిగిలింది. ఇది పోతే మళ్ళీ ఎక్కడినుంచి తెస్తారు? మనవలకి బొమ్మ చూపిస్తారా?" గొంతు పగిలేలా అరిచాను. పిక్కలేరే గున్నమ్మ, నాకంటే చిన్నది, ఎదురుగా వచ్చి నించుంది. "మేడమ్, మీరు పలాసలో ఉంతారు. తెల్లారితే ఈ తోటలో దిగీది నేను. రేపు నా మొగం సింపీత్తే మీరు కుడతారేటి?" అంది. కోపంగా అనలేదు, నిజంగా అడిగింది. దాన్ని తప్పుపట్టలేను. దాని భయం నిజం. మన భయం తీరడానికి ఒక జాతే లేకుండా పోవాలా అన్నది నేను చెప్పాల్సిన జవాబు. మామ్మయితే కేకేసి, కాసేపు ఆగి, వాటా పెట్టి ఆ భయంతోనే కాపురం చేసింది. ఆ బతుకు ఎలా ఉంటుందో గున్నమ్మకి చెప్పాల్సింది నేనే, ఆ వాటాని బావిలో పోయించింది కూడా నేనే.

రెండోసారి ఎక్కింది. ఈసారి పైకి మూతి కూడా కనపడింది. రాయొకటి తగిలి మళ్ళీ లోపలికి పడిపోయింది, వేసింది ఎవరో నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పలేదు. మూడోసారి అది లేవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. కామేసు చీరలు కట్టి నీడ వేశాడు, బకెట్టుతో నీళ్ళు దింపాడు. అది నీళ్ళ వైపు చూసింది గానీ కదల్లేదు. దాలయ్య బావ తాడు వదలకుండానే నేల మీద కూచుని ఏడ్చాడు. ఒంటికంటితో మనిషి ఏడవడం నేను మొదటిసారి చూశాను. నేను ఏడవలేకపోయాను. ఏడిస్తే నాకు కాస్త తేలికయ్యేది, ఆ తేలిక కూడా నాకు దక్కకూడదనిపించింది.

ఫారెస్టువాళ్ళు వచ్చేసరికి పొద్దు వాలింది. వాళ్ళు వచ్చీరాగానే జనాన్ని దూరంగా తరిమారు, పొద్దుటినుంచీ మేం చెయ్యలేకపోయిన పని. వలతో దిగిన మనిషి కాసేపటికి పైకి చూసి తల అడ్డంగా ఊపాడు. పిల్లని తల్లి వీపు మీదనుంచి తియ్యడానికి ఇద్దరు పట్టారు. దాని పిడికిళ్ళు విప్పలేక, చివరికి తల్లి జుట్టు కత్తిరించి తీశారు. బోనులో పెట్టాక కూడా ఆ జుట్టు పట్టుకునే ఉంది. జూకి తీసుకెళ్తారట. అక్కడ పెంచుతారు, పాలు పడతారు, బతుకుతుంది. అది కొండ ఎక్కేది మాత్రం లేదు.

ఒక కుర్ర ఆఫీసరు అట్ట మీద కాగితం పెట్టుకుని వివరాలు రాసుకుంటున్నాడు. మంచివాడే, మొహం వడిలిపోయి ఉంది. "ఈ కొండమీద ఇంకెన్ని ఉంటాయండీ?" అని అడిగాడు. అందరూ దాలయ్య బావ వైపు చూశారు, బావ నా వైపు చూశాడు.

"లేవు బాబూ," అన్నాను.

సున్నా చుట్టాడు. దాని కింద గడిలో, ప్రమాదవశాత్తు బావిలో పడి మృతి, అని రాయడం కనపడింది.

"ప్రమాదం కాదు బాబూ. ఆ బావిలో పళ్ళు పొయ్యమని చెప్పింది నేను. దాన్ని అక్కడికి రప్పించింది నేను. అలా రాయండి. నా పేరు రాయండి."

అతను కలం ఆపి నన్ను చూశాడు. పెద్దావిడ, ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, మెత్తగా చెప్పాడు. "అలాంటిది రాయడానికి ఇందులో గడి లేదమ్మా." కాగితం నా వైపు తిప్పి, సాక్షి సంతకం చెయ్యమని కలం ఇచ్చాడు.

చేశాను.